ప్రింట్ చేసిన 718ని నేరుగా 980 డిగ్రీలకు తీసుకెళ్లకండి

ఇన్‌కోనెల్ 718 అనే నికెల్ మిశ్రలోహంతో లేజర్ పౌడర్ బెడ్ మీద (పొడిని పొరలుగా పరిచి లేజర్‌తో కరిగించే ప్రింటింగ్) చేయించే భాగాల డ్రాయింగుల్లో హీట్ ట్రీట్‌మెంట్ నోటు చాలాసార్లు ఒకటే వాక్యం: ‘ఏఎంఎస్ 5662/5663 ప్రకారం సొల్యూషన్, ఏజింగ్.’ ఏఎంఎస్ అంటే విమాన పరిశ్రమ వాడే లోహాల స్పెసిఫికేషన్. విడమర్చి చెప్పాలంటే మూలకాలను లోహంలో కరిగించడానికి (సొల్యూషన్) 980 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక గంట ఉంచి చల్లార్చడం, తర్వాత బలాన్నిచ్చే కణాలు పుట్టించడానికి (ఏజింగ్) 720 దగ్గర 8 గంటలు, గంటకు 55 డిగ్రీల చొప్పున 620కి దించడం, అక్కడ ఇంకో 8 గంటలు. ఏళ్ల తరబడి ఫోర్జింగులకు పనిచేసిన నోటే కదా అని పాత డ్రాయింగులోంచి ఎత్తి కొత్తదాంట్లో పెట్టేస్తారు. భాగం ఫర్నేసులోంచి వస్తుంది, టెన్సైల్ కడ్డీని తెగేదాకా లాగుతారు, అంకెలు కనీస హద్దు దాటతాయి, సర్టిఫికెట్ మీద సంతకం పడిపోతుంది.

ఆ సర్టిఫికెట్‌లో తప్పేమీ ఉండదు. కాకపోతే 600 డిగ్రీల పైన వందల గంటలు లోడు మోయాల్సిన భాగం గురించి అది చెప్పేది చాలా తక్కువ. నా వాదన ఇది: ప్రింటర్ మీంచి దిగిన 718లో నయోబియం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా ఉంటుంది. దాన్ని సర్దకుండా సరాసరి 980కి తీసుకెళ్తే, ఆ ఎక్కువ ఉన్నచోటల్లా డెల్టా ఫేజ్ (లోహం లోపల వేరే అమరికతో పుట్టే పెళుసు పదార్థం) పలకలు పుట్టి కూర్చుంటాయి. ముందు 1065 డిగ్రీలో, అంతకన్నా పైనో నయోబియాన్ని సర్దాలి. ఆ తర్వాత 980 కావాలంటే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. గొడవంతా వరుస గురించే.

980 ఎక్కడి నుంచి వచ్చింది

718ని ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో హెర్బర్ట్ ఐసెల్‌స్టైన్ రూపొందించారు. అమెరికా పేటెంట్ 1962లో వచ్చింది. నికెల్ 50 నుంచి 55 శాతం, క్రోమియం 17 నుంచి 21, నయోబియం 4.75 నుంచి 5.5, మాలిబ్డినం 3 దరిదాపుల్లో, టైటానియం ఒక శాతం అటూ ఇటూ, అల్యూమినియం అర శాతం, మిగిలింది ఇనుము. మిగతా నికెల్ సూపర్ అల్లాయ్‌లలో (ఎక్కువ వేడి తట్టుకునే లోహాలు) చాలావాటికి బలం గామా ప్రైమ్ అనే నికెల్-అల్యూమినియం ఫేజ్ వల్ల వస్తే, దీనికి ముఖ్యంగా గామా డబుల్ ప్రైమ్ వల్ల వస్తుంది. అది నికెల్, నయోబియం కలిసిన పదీ ఇరవై నానోమీటర్ల బిళ్లల ఫేజ్. బద్ధకంగా పుడుతుంది. ఆ బద్ధకమే 718ని వెల్డింగ్‌కు అనువైన లోహం చేసింది: వెల్డ్ చల్లారేలోపు గట్టిపడదు కాబట్టి పగలదు. ప్రింటింగ్‌లో అందరూ ముందు దీన్నే పట్టుకోవడానికి కారణమూ అదే.

అయితే గామా డబుల్ ప్రైమ్ నిలకడైన ఫేజ్ కాదు. వేడి మీద ఎక్కువకాలం ఉంటే అదే నిష్పత్తిలో ఉన్న డెల్టాగా మారిపోతుంది. ఈ లోహాన్ని 650 డిగ్రీల పైన వాడకూడదనేది అందుకే. డెల్టా బలం ఇవ్వదు. పైగా బలం ఇవ్వాల్సిన నయోబియాన్ని తినేస్తుంది.

మరి ఫోర్జింగ్‌లో 980 ఎందుకు పెట్టారు? డెల్టా పూర్తిగా కరిగిపోయే ఉష్ణోగ్రత, నయోబియం శాతాన్ని బట్టి, 1000 నుంచి 1030 మధ్య ఉంటుంది. 980 దానికి కాస్త కింద. అక్కడ గ్రెయిన్ (లోహంలోని ఒక్కో స్ఫటికం) సరిహద్దుల్లో కొద్దిపాటి డెల్టా ముక్కలు మిగిలి, గ్రెయిన్లు పెరగకుండా పట్టి ఉంచుతాయి. ఫోర్జింగ్ తెచ్చిన సన్నటి గ్రెయిన్ నిలుస్తుంది, నాచ్ (గాడి) ఉన్నచోట క్రీప్‌లో (వేడి మీద ఎక్కువకాలం లోడు మోస్తూ మెల్లగా సాగడంలో) పెళుసుగా విరగదు. చాలా తెలివైన ఏర్పాటు. కానీ ఆ ఫోర్జింగ్ అప్పటికే ఏం దాటి వచ్చిందో గుర్తుంచుకోవాలి. వాక్యూమ్‌లో కరిగించి, ఒకటి రెండుసార్లు రీమెల్ట్ చేసిన ఇంగాట్‌ను 1160 నుంచి 1190 డిగ్రీల మధ్య పదుల గంటలు నానబెట్టి, ఆ తర్వాతే సుత్తి కిందికి పంపుతారు. 980 దగ్గరికి వచ్చేసరికి నయోబియం లోహమంతా ఒకేలా పరుచుకుని ఉంటుంది. ఆ పదుల గంటల ప్రస్తావన 5662 నోటులో కనిపించదు, ఎందుకంటే అది మిల్లులోనే జరిగిపోయింది. ప్రింట్ చేసిన భాగానికి మిల్లు లేదు. పౌడర్ నుంచి సరాసరి భాగమే.

కిలోకు 28 కిలోమీటర్ల వెల్డ్

ఈఓఎస్ ఎం290 యంత్రం మీద 718కి పరిశోధన పత్రాల్లో పదేపదే కనిపించే సెట్టింగ్: 285 వాట్ల లేజర్, సెకనుకు 960 మిల్లీమీటర్ల వేగం, గీతకూ గీతకూ మధ్య 0.11 మిల్లీమీటర్లు, పొర మందం 40 మైక్రాన్లు. లెక్క వేసుకోండి. కిలో 718 అంటే 122 ఘన సెంటీమీటర్లు. దాన్ని 0.11, 0.04ల లబ్ధంతో భాగిస్తే దాదాపు 28 కిలోమీటర్ల వెల్డ్ గీత వస్తుంది. లేజర్ ఆపకుండా గీసినా 8 గంటలు. ప్రింటింగ్ అనగానే కొత్త శాస్త్రం అనుకుంటాం గానీ, లోహం దృష్టిలో ఇది ముమ్మాటికీ వెల్డింగే. వెల్డ్ అయిన 718లో ఏం జరుగుతుందో మనవాళ్లకు బాగా తెలుసు. ఐఐటీ మద్రాసులో రాధాకృష్ణ, ప్రసాద్ రావు 718 వెల్డ్‌లలో లేవ్స్ ఫేజ్ (నయోబియం పోగుపడ్డ చోట గడ్డకట్టే పెళుసు పదార్థం) ఎలా పుడుతుంది, ఎలా అదుపు చేయాలి అన్నదాని మీద 1997లోనే రాశారు. హైదరాబాద్ డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ) వాళ్లు కలిసి పనిచేసిన లేజర్ వెల్డ్ పత్రాలు 2005 నాటికే ఉన్నాయి. ప్రింటింగ్ మీద పుస్తకం తెరిచేముందు ఇవి చదివితే సగం ప్రశ్నలు పుట్టవు.

విషయం ఇలా నడుస్తుంది. కరిగిన 718 గడ్డకట్టేటప్పుడు మొదట గట్టిపడే భాగం తన వాటా నయోబియంలో సగమే తీసుకుంటుంది; మిగిలింది ద్రవంలోకి నెట్టేస్తుంది. చివరగా గడ్డకట్టే సన్నటి సందుల్లో నయోబియం పోగుపడుతుంది. అక్కడ 10, 12 శాతం దాటితే లేవ్స్ ఫేజ్ పుడుతుంది. 6 నుంచి 8 శాతం ఉంటే చాలు, తర్వాత వేడి తగిలినప్పుడు డెల్టా పుట్టడానికి. లేజర్ ప్రింటింగ్‌లో చల్లారే వేగం సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీలు కాబట్టి లేవ్స్ ముద్దలు ముద్దలుగా పెరగదు. అంతమాత్రాన అసలే ఉండదని కాదు. చిన్న చిన్నగా, అంతటా ఉంటుంది.

నమూనాను నిలువుగా కోసి, పాలిష్ చేసి, కాలింగ్స్ నంబర్ 2 ద్రావణం (కాపర్ క్లోరైడ్ 5 గ్రాములు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లు, ఇథనాల్ 100 మిల్లీలీటర్లు) కొద్ది సెకన్లు తగిలించి మైక్రోస్కోప్ కింద పెట్టండి. ముందు కనిపించేవి చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పడ్డ మెల్ట్ పూల్ వంపులు. వాటిని లెక్కచేయకుండా పదీ ఇరవై పొరలు దాటుకుంటూ పైకి సాగిపోయే పొడవాటి గ్రెయిన్లు ఆ తర్వాత కంటికి ఆనతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు మార్చి ఇంకా దగ్గరికి వెళ్తే ఒక్కో గ్రెయిన్‌లోపల అర మైక్రాన్ నుంచి ఒక మైక్రాన్ వెడల్పున్న సెల్స్ బారులు తీరి ఉంటాయి. బ్యాక్‌స్కాటర్‌లో చూస్తే సెల్ గోడలు తెల్లగా మెరుస్తాయి. బరువైన మూలకం ఉన్నచోటు తెల్లబడుతుంది కాబట్టి ఆ తెలుపు నయోబియమే. అక్కడక్కడా గోడ మీద చుక్కల్లా లేవ్స్, కార్బైడ్‌లు. ఆ గోడల్లోనే డిస్లొకేషన్లు (స్ఫటిక వరుసల్లోని లోపాలు) కూడా చిక్కుకుపోయి ఉంటాయి.

ఈ స్థితిలో, అంటే ఏ వేడీ పెట్టకముందు, లోహం బలం 1000 మెగాపాస్కల్ అటూ ఇటూ ఉంటుంది. యీల్డ్ (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి) 630 నుంచి 780 మధ్య. అడ్డంగా కట్టిన కడ్డీ నిలువుదానికన్నా కాస్త బలంగా వస్తుంది. గ్రెయిన్లన్నీ క్యూబ్ అంచు దిక్కున పైకి పెరగడంతో నిలువు దిశలో యంగ్స్ మాడ్యులస్ కూడా పడిపోతుంది. మామూలు 718లో 200 గిగాపాస్కల్ ఉండేది 160 దాకా రావచ్చు. వైబ్రేషన్ లెక్కలు చేసేవాళ్లు చాలామంది దీన్ని మరిచిపోయి ఫోర్జింగ్ మాడ్యులస్‌తోనే బ్లేడు ఫ్రీక్వెన్సీ తీస్తారు. మాడ్యులస్‌లో 20 శాతం తేడా అంటే ఫ్రీక్వెన్సీలో 10 శాతం పైన తేడా. రెజొనెన్స్ మార్జిన్ తినేయడానికి అది సరిపోతుంది.

980లో ఏమవుతుంది

ఇలాంటి లోహాన్ని 980 డిగ్రీల ఫర్నేసులో పెట్టారనుకోండి. లేవ్స్‌లో కొంత కరుగుతుంది. కరిగి వదిలిన నయోబియం దూరం పోలేదు. పక్కనే, సెల్ గోడ చుట్టుపక్కలే ఉంటుంది. సగటు 5 శాతం ఉన్న లోహానికి డెల్టా కరిగే హద్దు 1020 అనుకుంటే, 7, 8 శాతం ఉన్న ఆ గోడకు హద్దు ఇంకా పైన. అంటే 980 ఆ గోడకు సొల్యూషన్ ఉష్ణోగ్రత కానేకాదు, డెల్టా పండించే ఉష్ణోగ్రత. పైగా డిస్లొకేషన్ల నిండా పుట్టడానికి అనువైన చోట్లు. గంట తర్వాత చూస్తే పాత సెల్ గోడల వెంబడి, పొడవాటి గ్రెయిన్ల అంచుల వెంబడి సూదుల్లాంటి డెల్టా పలకలు వరుసకట్టి కనిపిస్తాయి. ఫోర్జింగ్‌లో గ్రెయిన్ సరిహద్దుకే పరిమితమయ్యే డెల్టా ఇక్కడ గ్రెయిన్ లోపల కూడా జాలీ కట్టేస్తుంది.

ఇది 718 ఒక్కదాని జబ్బు కాదు. ఇన్‌కోనెల్ 625 మీద అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ పరిశోధకులు చేసిన పని దీనికి బలమైన సాక్ష్యం. 625 మామూలుగా డెల్టా పుట్టించడానికి పదుల, వందల గంటలు తీసుకుంటుంది. ప్రింట్ చేసిన 625ని స్ట్రెస్ రిలీఫ్ (లోపల మిగిలిన ఒత్తిడి తీసే వేడి) పేరుతో 870 డిగ్రీల దగ్గర పెడితే ఒక్క గంటలోనే డెల్టా పలకలు తేలాయి. అదే 1150 డిగ్రీల దగ్గర గంట ఉంచితే నయోబియం, మాలిబ్డినం సమంగా పరుచుకున్నాయి. పేరు 625 అయినంత మాత్రాన టైమ్-టెంపరేచర్ చార్టు 625ది కాదన్నమాట.

మరి టెన్సైల్ ఎందుకు పాసవుతుంది? 5663 అడిగే కనీసం: యీల్డ్ 1034 మెగాపాస్కల్, బలం 1276, సాగుదల 12 శాతం. సెల్ లోపలి భాగంలో మిగిలిన నయోబియం ఏజింగ్‌లో గామా డబుల్ ప్రైమ్ ఇస్తుంది. సెల్స్ సన్నగా ఉన్నాయి, డిస్లొకేషన్లు కొన్ని ఇంకా మిగిలే ఉన్నాయి. ఇవన్నీ కలిసి యీల్డ్‌ను 1150 చుట్టూ నిలబెడతాయి. గది ఉష్ణోగ్రతలో నిమిషాల్లో ముగిసే టెస్టుకు డెల్టా వరుసలు పెద్దగా అడ్డురావు. పైగా కూపన్లు (భాగంతోపాటు కట్టే పరీక్ష కడ్డీలు) ఎక్కువగా నిలువుగానే కడతారు, ప్లేటు మీద చోటు తక్కువ పడుతుందని. నిలువు కడ్డీలో గ్రెయిన్ సరిహద్దులు లాగే దిక్కుకు సమాంతరంగా ఉంటాయి. విడిపోయే అవకాశమే లేదు. ఏ దిశలో తప్పు బయటపడదో సరిగ్గా ఆ దిశలోనే పరీక్ష జరుగుతోంది.

అడ్డ కడ్డీని క్రీప్‌లో పెట్టినప్పుడు కథ మారుతుంది. టోక్యో మెట్రోపాలిటన్ యూనివర్సిటీలో కాకెహి బృందం 650 డిగ్రీల దగ్గర చేసిన క్రీప్ పరీక్షల్లో నిలువు కడ్డీలు అడ్డ కడ్డీలకన్నా ఎక్కువసేపు నిలిచాయి. అడ్డ కడ్డీలలో లోడుకు అడ్డంగా పడిన డెల్టా వరుసలే కొంప ముంచాయి. లోడు లాగే దిక్కుకు లంబంగా నిలబడిన సరిహద్దు, దాని మీద పెళుసు పలకలు. రంధ్రాలు పుట్టడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. అసలు భాగంలో, ఉదాహరణకు గుండ్రటి కేసింగ్‌లో, లోపలి ఒత్తిడి వల్ల వచ్చే హూప్ స్ట్రెస్ (చుట్టుకొలత దిక్కున లాగే బలం) దాదాపు ఎప్పుడూ అడ్డమే.

కాబట్టి కూపన్లు రెండు దిశల్లోనూ ఉండాలి. స్ట్రెస్ రప్చర్ (వేడి మీద లోడుతో తెగేదాకా ఉంచే పరీక్ష) తప్పనిసరి చేయాలి: 649 డిగ్రీలు, 690 మెగాపాస్కల్, కనీసం 23 గంటలు అన్నది 5663లోనే ఉంది. విచిత్రమేమిటంటే అదే స్పెక్ పేరు డ్రాయింగు మీద రాసేవాళ్లు, ప్రింటెడ్ భాగానికి వచ్చేసరికి ఖర్చు పేరు చెప్పి టెన్సైల్‌తో సరిపెట్టేస్తారు.

ముందు సర్దండి, తర్వాతే 980

ఇక్కడ ప్రింటింగ్ మనకు ఒక మేలు చేసింది. మూలకం వ్యాపించడానికి పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇంగాట్‌లో డెండ్రైట్ (చెట్టు కొమ్మల్లా గడ్డకట్టే స్ఫటికం) చేతుల మధ్య దూరం వంద మైక్రాన్లు, ఆ పైన. లేజర్ ప్రింట్‌లో ఒక మైక్రాన్. దూరం వందోవంతు అయితే సమయం పదివేలవ వంతు. ఇంగాట్‌కు పదుల గంటలు పట్టిన సర్దుబాటు ఇక్కడ గంటలో అయిపోతుంది, 1065 దగ్గరే. ఇంత చవకగా దొరికే మేలును కాదని 980కి పోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఏఎస్‌టీఎం ఎఫ్3055, అంటే పౌడర్ బెడ్ 718కే రాసిన స్టాండర్డ్, ఈ వరుసనే పెడుతుంది. ప్లేటు మీద ఉండగానే 1065 డిగ్రీల దగ్గర గంటన్నర స్ట్రెస్ రిలీఫ్. హిప్ (వేడి మీద అన్ని వైపుల నుంచి గ్యాస్ ఒత్తిడితో రంధ్రాలు మూయడం) చేయిస్తే 1120 నుంచి 1185 మధ్య, 100 మెగాపాస్కల్‌కు తగ్గని ఒత్తిడితో, నాలుగు గంటలు అటూ ఇటూ. ఆ తర్వాతే సొల్యూషన్, ఏజింగ్. హిప్‌కు ముందు 1065 ఉండటంలో ఇంకో లాభం ఉంది. లేవ్స్ మిగిలి ఉన్న లోహాన్ని సరాసరి 1160 దాటిస్తే సెల్ గోడలు స్థానికంగా కరిగే ప్రమాదం ఉంటుంది. మొదటి మెట్టు మీదే లేవ్స్ కరిగిపోతే ఆ భయం పోతుంది. డెడ్‌లో, అంటే పౌడర్‌ను నాజిల్‌తో ఊదుతూ కట్టే పద్ధతిలో, ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. అక్కడ డెండ్రైట్ దూరాలు పది మైక్రాన్ల స్థాయిలో ఉంటాయి, లేవ్స్ గొలుసులు గొలుసులుగా పేరుకుంటుంది, గంట చాలదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, తేలిగ్గా తీసేయలేనిది. 1065 పైన సొల్యూషన్ చేసిన ఫోర్జింగ్ 718 క్రీప్‌లో నాచ్ దగ్గర పెళుసుగా విరుగుతుందని లోహం తయారుచేసేవాళ్లే దశాబ్దాలుగా హెచ్చరిస్తున్నారు. కారణం, సరిహద్దుల్లో డెల్టా లేకపోవడం, గ్రెయిన్ పెరగడం. ప్రింట్‌కూ అది వర్తిస్తుంది. ఎక్కువ వేడి మీద పొడవాటి గ్రెయిన్లు చెదిరి, లోపల దాచుకున్న స్ట్రెయిన్ పుణ్యమా అని కొత్త గ్రెయిన్లు పుడతాయి, ట్విన్ గీతలతో, ఇంచుమించు సమానమైన కొలతలతో. దిశల తేడా బాగా తగ్గుతుంది. కానీ సెల్ గోడలు పోతాయి, వాటితో వచ్చిన కొంత బలమూ పోతుంది. 1180 దగ్గర నాలుగు గంటలు ఉంచితే గ్రెయిన్ బాగా లావెక్కుతుంది. లో సైకిల్ ఫెటీగ్‌కు (పెద్ద లోడు కొద్దిసార్లు పడి పగలడానికి) అది మంచిది కాదు.

అందుకే 980ని తర్వాతి మెట్టుగా పెట్టమంటున్నాను. నయోబియం సమంగా పరుచుకున్నాక 980 దగ్గర గంట ఉంచితే డెల్టాకు సెల్ గోడ అంటూ ఏదీ మిగలదు. గ్రెయిన్ సరిహద్దుల్లోనే, కొద్దిగా పుడుతుంది. ఫోర్జింగ్‌లో ఏ పని చేసిందో ఇక్కడా అదే చేస్తుంది. హోమోజెనైజేషన్ (నయోబియాన్ని సర్దడం), సొల్యూషన్, ఏజింగ్ అనే ఈ మూడు మెట్ల వరుస పరిశోధన పత్రాల్లో కొత్తదేం కాదు. షాపుల్లోకే ఇంకా దిగలేదు. ఫర్నేసులో ఇంకో సైకిల్ అంటే ఇంకో బిల్లు కదా.

ప్రతి భాగానికీ ఇంత అవసరమా అంటే, లేదు. రాకెట్ ఇంజిన్ తీసుకోండి. చెన్నై అగ్నికుల్ ఒకే ముక్కగా ఇన్‌కోనెల్‌తో ప్రింట్ చేసిన ఇంజిన్ 2024 మే 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది. హైదరాబాద్ స్కైరూట్ తన ధవన్ క్రయోజెనిక్ ఇంజిన్లను ప్రింట్ చేసి పరీక్షించింది. ఈ రకం ఇంజిన్ల జీవితం నిమిషాల లెక్క. అక్కడ క్రీప్ కన్నా, చాంబర్ గోడకు ఒకవైపు మంట, ఒకవైపు చల్లటి ఇంధనం తగిలి వచ్చే థర్మల్ స్ట్రెయిన్ పెద్ద సమస్య. అలాంటి చోట సొల్యూషన్ మానేసి నేరుగా ఏజింగ్ చేసినా సమర్థించుకోవచ్చు. సెల్స్ మిగులుతాయి, యీల్డ్ ఎక్కువ వస్తుంది, దిశల తేడాను లెక్కలో పెట్టుకుంటే సరి. వేల గంటలు తిరిగే గ్యాస్ టర్బైన్ భాగానికి ఆ మినహాయింపు లేదు. ఇంజిన్ ప్రింట్ అయింది, పేలలేదు, కాబట్టి మా టర్బైన్ కేసింగ్‌కూ అదే చాలు అనే వాదన వింటుంటాం. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

ఎలక్ట్రాన్ బీమ్ యంత్రాల గురించి ఒక మాట. అక్కడ పౌడర్ బెడ్డే 1000 డిగ్రీల దగ్గర ఉంటుంది. భాగం కడుతున్నంతసేపూ కింది పొరలు ఓవెన్‌లో ఉన్నట్టే. పై పొర అప్పుడే గడ్డకట్టిన స్థితిలో, అడుగు పొర గంటల తరబడి ఉడికిన స్థితిలో ఉంటాయి. కూపన్‌ను భాగం పక్కన కట్టి, పై సగం నుంచి కోశారా కింది సగం నుంచి కోశారా రాయకపోతే ఆ అంకెలకు అర్థం లేదు.

99.9 శాతం అనే మత్తు

సాంద్రత గురించి కూడా ఇలాగే ఒక అంకెతో సరిపెట్టేస్తారు. 99.9 శాతం అనగానే ఇక చాలనుకుంటారు. ఒక సెంటీమీటర్ ఘనంలో 0.1 శాతం అంటే ఒక ఘన మిల్లీమీటర్ ఖాళీ. అది గుండ్రటి గ్యాస్ రంధ్రాలుగా చెల్లాచెదురుగా ఉంటే భయం లేదు. అదే రెండు పొరల మధ్య కరగని చోటుగా, 40 మైక్రాన్ల మందంతో ఒకేచోట ఉంటే 25 చదరపు మిల్లీమీటర్ల పగులు. ఆ సెంటీమీటర్ ఘనం అడ్డకోతలో నాలుగో వంతు! ఆర్కిమిడీస్ తూకం రెండింటికీ ఒకే అంకె ఇస్తుంది. కోసి చూడాలి, లేదా సీటీ స్కాన్ తీయాలి.

లేజర్ శక్తిని వేగం, గీతల దూరం, పొర మందంతో భాగించి వచ్చే ‘ఎనర్జీ డెన్సిటీ’ని నమ్ముకునేవాళ్లదీ ఇదే పొరపాటు. పైన చెప్పిన సెట్టింగ్‌కు అది ఘన మిల్లీమీటర్‌కు 67 జౌళ్లు. పవర్, వేగం రెండూ సగం చేసినా అదే 67; మెల్ట్ పూల్ లోతు మాత్రం అదే ఉండదు.

హిప్ చేస్తే రంధ్రాలన్నీ పోతాయనేది ఇంకో నమ్మకం. ఉపరితలం దాకా తెరుచుకున్న రంధ్రం మూసుకోదు; ఒత్తిడి గ్యాస్ దాంట్లోకే దూరుతుంది. లోపల ఆర్గాన్ ఉన్న రంధ్రం కుంచించుకుపోతుంది గానీ ఆ గ్యాస్ నికెల్‌లో కరగదు. తర్వాత మామూలు ఒత్తిడిలో బాగా వేడెక్కిస్తే కొంత మళ్లీ ఉబ్బవచ్చు. ఇక ఉపరితలం గరుకును హిప్ ముట్టుకోదు. ప్రింట్ గోడ గరుకు ఆర్ఏ (సగటు గరుకు) 5 నుంచి 15 మైక్రాన్లు, కిందికి వాలిన ముఖాల మీద ఇంకా ఎక్కువ. ఫెటీగ్ పగుళ్లు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. అర మిల్లీమీటర్ మందం ఉన్న గోడకు, 12 మిల్లీమీటర్ల కడ్డీని లేత్ మీద నున్నగా తిప్పి తీసిన ఫెటీగ్ అంకె చూపిస్తే ఎవరిని మోసం చేస్తున్నట్టు? అంత పలచటి గోడలో లోపలి గీతలకు చోటే ఉండదు, దాదాపు అంతా అంచు గీతలే. గ్రెయిన్ కూడా వేరుగా ఉంటుంది.

718 కాకుండా ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే లోహాలకు పోతే మొదటి ప్రశ్న మైక్రోస్ట్రక్చర్ కాదు, పగుళ్లు. సీఎం247ఎల్‌సీలో అల్యూమినియం 5.6 శాతం, గామా ప్రైమ్ సగానికి పైగా ఉంటుంది, క్షణాల్లో పుడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఒక రకం పగుళ్లు, తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌కు వేడెక్కేటప్పుడు ఇంకో రకం. అక్కడ సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవడం కన్నా లోహాన్నే మార్చడం మేలు. హేఫ్నియం తీసేసిన సీఎం247ఎల్‌సీ, ప్రింటింగ్ కోసమే పుట్టిన ఏబీడీ రకాలు, యిట్రియా పూత పూసిన పౌడర్‌తో నాసా చేసిన జీఆర్‌ఎక్స్-810, అన్నీ ఆ దారివే. సీమెన్స్ 2017లో నికెల్ సూపర్ అల్లాయ్ బ్లేడ్లు ప్రింట్ చేసి 13,000 ఆర్‌పీఎం దగ్గర తిప్పి చూపించింది కాబట్టి ఇది కాని పని కాదు. (ప్రింటెడ్ సూపర్ అల్లాయ్‌కు ఉదాహరణగా తరచూ చెప్పే లీప్ ఇంజిన్ ఫ్యూయల్ నాజిల్ మాత్రం నికెల్ కాదు, కోబాల్ట్-క్రోమ్.)

డ్రాయింగు మీద ఏం రాయాలి

పౌడర్‌తో మొదలుపెట్టండి. 718 స్పెక్‌లో సిలికాన్ గరిష్ఠం 0.35 శాతం. సిలికాన్ లేవ్స్‌ను పెంచుతుంది, కాబట్టి 0.1 దాటొద్దని విడిగా రాయండి. నయోబియం పై హద్దు దగ్గర ఉన్న బ్యాచ్‌కు, కింది హద్దు దగ్గర ఉన్నదానికి హీట్ ట్రీట్‌మెంట్ ఒకేలా స్పందించదు. సర్టిఫికెట్‌లో అసలు అంకె అడగండి, ‘హద్దులో ఉంది’ అన్న మాట కాదు.

ఫర్నేసుకు ముందు పౌడర్ ఖాళీ చేయడం డ్రాయింగు నోటులోనే ఉండాలి. కూలింగ్ చానళ్లలో మిగిలిన పౌడర్ 1065 దగ్గర సింటర్ అయి గట్టిపడితే ఇక ఏ గాలీ, ఏ అల్ట్రాసోనిక్కూ దాన్ని కదపలేదు. ప్లేటుతో సహా తూకం వేసి కాడ్ మోడల్ బరువుతో పోల్చడం చవకైన పరీక్ష. చానళ్లు సన్నగా ఉంటే సీటీ తప్పదు.

స్ట్రెస్ రిలీఫ్ కాకముందు వైర్ కట్ (తీగతో ప్లేటు నుంచి భాగాన్ని కోయడం) వద్దు; కోస్తుండగానే భాగం పైకి లేచి వంగుతుంది. వాక్యూమ్‌లో గానీ ఆర్గాన్‌లో గానీ చేయాలి. మామూలు స్టీల్ ప్లేటు 1065 దగ్గర గాలిలో పొలుసులు రాలుస్తుంది, మళ్లీ వాడుకోవడానికి మందం తగ్గిపోతుంది. భాగం పలచగా ఉంటే ఉపరితలంలో క్రోమియం తగ్గడం కూడా లెక్కలోకి వస్తుంది.

నోటు ఇలా ఉంటే చాలు: ప్లేటు మీదే 1065 డిగ్రీలు, గంటన్నర, ఆర్గాన్ ఫ్యాన్‌తో వేగంగా చల్లార్చడం, అవసరమైతే హిప్; క్రీప్, నాచ్ ముఖ్యమైతే 980 డిగ్రీలు ఒక గంట, కాకపోతే 1065 దగ్గర మళ్లీ సొల్యూషన్; ఆపై 720, 620 ఏజింగ్. రెండు దిశల కూపన్లు, భాగంతోపాటే అన్ని ఫర్నేసు సైకిళ్లూ చూసినవి. ప్రతి లాట్ నుంచి ఒకదాన్ని కోసి, బ్యాక్‌స్కాటర్‌లో సెల్ గోడలు కనిపించకూడదు, గ్రెయిన్ లోపల డెల్టా వరుసలు ఉండకూడదు అని అంగీకార షరతు పెట్టండి. టెన్సైల్ అంకెలకన్నా ఆ ఒక్క ఫొటో ఎక్కువ చెబుతుంది.

ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ భాగానికో ప్లేటుకో తగిలించి ఉండాలి, ఫర్నేసు గాలిలో వేలాడకూడదు. 40 మిల్లీమీటర్ల మందం ప్లేటు ఫర్నేసు గోడకన్నా చాలా వెనకబడి వేడెక్కుతుంది. గాలి 1065 చూపిస్తుండగా ప్లేటుకు అతుక్కున్న భాగం ఇంకా డెల్టా జోరుగా పుట్టే 900 చుట్టుపక్కలే తచ్చాడుతుంటుంది. గంటన్నర లెక్క భాగం 1050 దాటిన క్షణం నుంచే మొదలుపెట్టమని రాయండి. హిప్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కూడా అంతే. పాత తరం హిప్ వెసెల్ నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి ఆ దారిలో సరిహద్దుల వెంబడి డెల్టా మళ్లీ పుట్టవచ్చు. దాని తర్వాత సొల్యూషన్ మెట్టును బిల్లు చూసి కొట్టేయొద్దు.